డైరెక్టర్ అని పేరు ఎక్కించే ముందు ఆ మనిషికి ఒక మాట చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను తిరుపతిలో చిన్న వ్యాపారాలకి లెక్కలు రాసే పని చేస్తా ఉంటాను. జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీతాల లెక్కలు ఇట్లాంటివి. మీ జిల్లా పేజీల్లో స్వయం ఉపాధి గురించి, మన పిల్లోళ్లు పెడతా ఉండే కొత్త కంపెనీల గురించి వార్తలు వస్తా ఉంటాయి, చదివితే సంతోషంగానే ఉంటుంది. అయితే ఆ కంపెనీ పెట్టినాక చట్టం ఏమేం అడుగుతుందో, మరీ ముఖ్యంగా ఆ కాగితాల్లో రెండో పేరుగా ఎవరిని పెడతా ఉన్నారో, ఆ మనిషి మీద ఏం భారం పడుతుందో ఎవరూ రాయడం లేదు, అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైనా దయచేసి వేయండి.

కంపెనీ పెట్టడం ఇప్పుడు కష్టం కాదు, అది మంచిదే. ప్రైవేట్ లిమిటెడ్‌కి లక్ష రూపాయల మూలధనం ఉండాలని ముందు చట్టంలో ఉండేది, 2015లో అది తీసేసినారు. ఆథరైజ్డ్ క్యాపిటల్, అంటే కంపెనీ ఇవ్వగల మొత్తం షేర్ల విలువ, 15 లక్షల లోపు ఉంటే కేంద్రానికి కట్టే రిజిస్ట్రేషన్ ఫీజు కూడా లేదు, స్టాంప్ డ్యూటీ, డిజిటల్ సంతకాలు, చేసిపెట్టినోళ్ల ఫీజు ఇంతే ఖర్చు. పాన్, టాన్, పీఎఫ్, ఈఎస్ఐ నంబర్లు, బ్యాంకు ఖాతా కూడా అదే అప్లికేషన్‌లో అడగొచ్చు. కంపెనీల రిజిస్ట్రార్ ఆఫీసు విజయవాడలో ఉన్నా ఆడికి ఎవరూ పోనక్కర్లేదు, అంతా కంప్యూటర్లోనే అయిపోతుంది. ఇంత సులువైంది కాబట్టే జనం ఇంట్లో కూచుని మాట్లాడుకోకుండానే సంతకాలు పెట్టేస్తా ఉన్నారు.

ప్రైవేట్ లిమిటెడ్‌కి కనీసం ఇద్దరు సభ్యులు, ఇద్దరు డైరెక్టర్లు ఉండాలి. మన దగ్గర జరిగేది ఏందంటే వ్యాపారం చేసేది ఒక్కడే, రెండో పేరు కోసం భార్యనో అమ్మనో చెల్లెలినో పెట్టేస్తారు, ఆధార్ పాన్ ఇవ్వమ్మా, ఫోనుకి ఓటీపీ వస్తుంది చెప్పు, అంతే. వాళ్లకి తెలిసింది కూడా అంతే.

పాకాల వైపు నుంచి ఒక అక్క వచ్చింది నా దగ్గరికి. వాళ్ల ఊర్లో మామిడి రైతులు, పాడి ఉన్నోళ్లు కలిసి రైతు ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకుందామని అనుకున్నారు, దానికి కనీసం పదిమంది రైతులు, ఐదుగురు డైరెక్టర్లు కావాలి కదా, పొదుపు సంఘంలో లెక్కలు బాగా చూస్తుంది, నలుగురిలో మాట్లాడుతుంది అని ఈమె పేరు కూడా డైరెక్టర్ల లిస్టులో రాసినారు. కాగితాలు పెట్టేటప్పుడు డైరెక్టర్ అయినోళ్లకి కేంద్రం ఇచ్చే నంబర్ ఈమెది అనర్హత కింద ఉందని తేలింది. ఆమెకి తనకి అట్లాంటి నంబర్ ఒకటి ఉందనే తెలీదు. "అన్నా, నేను ఎవరి సొమ్మూ తినలేదే, నన్ను ఎట్ల పనికిరాదంటారు" అని అడిగింది. చూస్తే కరోనా టైమ్‌లో వాళ్లాయన బెల్లం పొడి ప్యాకింగ్ అని ఒక కంపెనీ పెట్టినాడు, రెండో డైరెక్టర్‌గా ఈమెను పెట్టినాడు, కొన్నాళ్లు నడిపి ఆపేసినాడు, వ్యాపారం ఆగితే కంపెనీ కూడా ఆగిపోయినట్టే అనుకున్నాడు. వరసగా మూడేళ్లు లెక్కలు ఫైల్ చేయలేదు. కంపెనీల చట్టం 2013లో 164వ సెక్షన్ ఉంది, మూడు ఆర్థిక సంవత్సరాలు వరసగా బ్యాలెన్స్ షీటో వార్షిక రిటర్నో వేయకపోతే ఆ కంపెనీ డైరెక్టర్లు ఐదేళ్ల పాటు ఇంకే కంపెనీలోనూ డైరెక్టర్‌గా చేరకూడదు. వ్యాపారం చేసిన డైరెక్టరా, పేరుకి మాత్రమే ఉన్న డైరెక్టరా అని ఆ సెక్షన్ తేడా చూడదు.

ఇది ఒక్క అక్క సంగతి కాదు. 2017లో కేంద్రం ఇట్లా రిటర్నులు వేయని కంపెనీలు రెండు లక్షలకి పైగా రిజిస్టర్‌లో నుంచి కొట్టేసింది, మూడు లక్షల మందికి పైగా డైరెక్టర్లను అనర్హులని లిస్టు పెట్టింది. వ్యాపారం లేకుండా పేరుకే ఉండే షెల్ కంపెనీల కోసం వేసిన వల అది, దాంట్లో మామూలు ఇంటోళ్లు కూడా పడినారు.

డిజిటల్ సంతకం సంగతి ఇంకోటి. చూడ్డానికి పెన్ డ్రైవ్ మాదిరి చిన్న టోకెన్ ఉంటుంది. చాలా ఆఫీసుల్లో టేబుల్ సొరుగు తీస్తే ఇవి కుప్పగా కనిపిస్తాయి, ఒక్కోదానికి రబ్బర్ బ్యాండు, దాంట్లో మడతపెట్టిన చీటీ, చీటీ మీద పేరు, పాస్‌వర్డ్. ఆ పేర్లలో సగం ఆడోళ్లవి. ఆ సంతకానికి చేత్తో పెట్టిన సంతకంతో సమానంగా విలువ ఇస్తూ 2000లో వచ్చిన ఐటీ చట్టం ఉంది, అదే చట్టం 42వ సెక్షన్‌లో ఆ సంతకం తాళం (టోకెన్, పాస్‌వర్డ్) ఎవరిదో వాళ్ల చేతిలోనే ఉండేట్టు జాగ్రత్త పడాలని కూడా ఉంది. ఖాళీ చెక్కుల మీద సంతకాలు చేసి పక్కింట్లో ఇచ్చి పెట్టమంటే పెడతామా మనం? ఫైలింగ్ టైమ్‌లో ఆడిటర్ దగ్గరికి తీసుకుపోండి, కాగితం చదివించుకోండి, సంతకం వేయండి, మళ్లీ ఇంటికి తెచ్చుకోండి.

ఇప్పుడు ఏటా ఏం చేయాలో చెప్తాను, చాలామందికి ఇది కూడా తెలీదు.

కంపెనీ పుట్టిన 180 రోజుల్లో, షేర్లకి రాసిన డబ్బు కంపెనీ బ్యాంకు ఖాతాలో నిజంగా వేసినాం అని ఐఎన్‌సీ-20ఏ ఫారం వేయాలి, అది వేయకుండా వ్యాపారం మొదలుపెట్టకూడదు, వేయకపోతే కంపెనీకి 50 వేల దాకా జరిమానా, డైరెక్టర్లకి రోజు లెక్కన వేరే. కొంతమంది గొప్పగా ఉంటుందని పెయిడప్ క్యాపిటల్, అంటే షేర్లకి కట్టిన డబ్బు, పది లక్షలు అని రాయించుకుంటారు, ఆమీద ఆ పది లక్షలు యాడ నుంచి తేవాలో తెలీక ఈ ఫారం దగ్గరే ఇరుక్కుంటారు. ఉన్న డబ్బే రాయండి, లక్ష ఉంటే లక్ష, పదివేలు ఉంటే పదివేలు, తరవాత పెంచుకోవచ్చు.

మొదటి ఆడిటర్‌ని 30 రోజుల్లో డైరెక్టర్ల బోర్డు పెట్టుకోవాలి. ఒక్క రూపాయి అమ్మకం లేకపోయినా ఆడిట్ మాత్రం తప్పదు, ఈ మాట నేను ఎంతమందికి చెప్పినా నమ్మరు, "వ్యాపారమే లేదు కదా లెక్కలేంది" అంటారు. ఏటా సెప్టెంబర్ 30 లోపల వార్షిక సమావేశం జరగాలి, అది అయిన 30 రోజుల్లో ఏఓసీ-4 అని బ్యాలెన్స్ షీట్ ఫారం, 60 రోజుల్లో వార్షిక రిటర్ను, చిన్న కంపెనీ అయితే ఎంజీటీ-7ఏ. లేట్ అయితే ఒక్కో ఫారానికి రోజుకి 100 రూపాయలు, దానికి పైన హద్దు అంటూ లేదు. లెక్క వేసి చూడండి, రెండు ఫారాలకి రోజుకి 200, ఏడాదికి 73 వేలు. మూడేళ్లవి పడిపోయి ఉంటే మొదటి ఏడాదివి మూడేళ్లు లేటు, రెండో ఏడాదివి రెండేళ్లు, మూడో ఏడాదివి ఒకటి, అన్నీ కలిపితే 4 లక్షల 38 వేలు. పెట్టినప్పుడు పదివేలు కూడా ఖర్చు కాని కంపెనీకి ఇది లేట్ ఫీజు మాత్రమే.

అందుకని నడపలేమని తెలిసిన రోజే మూసేయండి. రిటర్నులన్నీ వేసి, అప్పులు తీర్చి, ఎస్‌టీకే-2 ఫారం వేస్తే కంపెనీ పేరు రిజిస్టర్ నుంచి తీసేస్తారు, దానికి సర్కారు ఫీజు 10 వేలు. కొన్నాళ్లు ఆపి మళ్లీ మొదలుపెడదాం అనుకుంటే డార్మెంట్ కంపెనీగా పెట్టుకునే దారి కూడా చట్టంలో ఉంది. బోర్డు పీకేసి షట్టర్ దించేస్తే మాత్రం కంపెనీ మూతపడదు.

బోర్డు అంటే గుర్తొచ్చింది, రిజిస్టర్డ్ ఆఫీసు బయట కంపెనీ పేరు, అడ్రస్ బోర్డు పెట్టాలి, అది ఇంగ్లీషులో ఉంటే ఆ ప్రాంతంలో జనం వాడే భాషలో కూడా రాయాలని చట్టంలోనే ఉంది, అంటే మన దగ్గర తెలుగులో. ఎంతమంది పెడతా ఉన్నారు చెప్పండి. బాడుగ రూమ్ అడ్రస్ ఇచ్చి ఆ రూమ్ ఖాళీ చేసి కొర్లగుంట నుంచి బైరాగిపట్టెడకి మారిపోతారు, 30 రోజుల్లో మార్పు తెలపాలి అనే ధ్యాసే ఉండదు, నోటీసులు పాత ఇంటి ఓనర్ దగ్గరికి పోతాయి, ఆయన చింపేస్తాడు. ఆ అడ్రస్‌లో కంపెనీ లేదని రిజిస్ట్రార్ వాళ్లు వచ్చి చూసుకుంటే దాని మీద కూడా కంపెనీ పేరు కొట్టేసే అధికారం వాళ్లకి ఉంది.

ఇంక లిమిటెడ్ అనే మాట చూసి చాలామంది ధైర్యంగా ఉంటారు, అప్పులైతే కంపెనీవి మనవి కావు అని. మాట నిజమే, కంపెనీ వేరు మనిషి వేరు అని 1897లోనే ఇంగ్లండులో ఒక బూట్ల వ్యాపారి కేసులో తేల్చేసినారు, సాలమన్ కేసు అంటారు, మన కోర్టులు కూడా అదే పట్టుకుంటాయి. కానీ బ్యాంకు లోన్ ఇచ్చేటప్పుడు డైరెక్టర్లందరి దగ్గరా పర్సనల్ గ్యారంటీ, అంటే సొంత హామీ, రాయించుకుంటుంది. ఆ సంతకం పెట్టినాక లిమిటెడ్ అనేది ఆ లోన్ వరకు మనల్ని కాపాడదు, కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం అప్పు తీసుకున్నోడికి ఎంత బాధ్యతో హామీ ఉన్నోడికీ అంతే. ఆడ కూడా రెండో సంతకం ఇంట్లో ఆమెదే. వాళ్ల పుట్టింటోళ్లు ఇచ్చిన సెంటు భూమి కూడా దాంట్లోకి వచ్చేస్తుంది. జీఎస్టీ బాకీ కంపెనీ నుంచి వసూలు కాకపోతే ప్రైవేట్ కంపెనీ డైరెక్టర్ల మీదికి రావచ్చు, తన నిర్లక్ష్యం లేదని డైరెక్టరే నిరూపించుకోవాలి.

చెక్ బౌన్స్ కేసుల్లో కొంచెం ఊరట ఉంది. డైరెక్టర్ అయినంత మాత్రాన సరిపోదు, ఆ టైమ్‌లో వ్యాపారం వ్యవహారాలు ఆ మనిషే చూస్తా ఉన్నట్టు ఫిర్యాదులో స్పష్టంగా ఉండాలి అని ఎస్ఎంఎస్ ఫార్మాస్యూటికల్స్ కేసులో 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. మేనేజింగ్ డైరెక్టర్‌కి, చెక్ మీద సంతకం పెట్టినోళ్లకి ఆ ఊరట లేదు. అయినా సమన్లు వచ్చినాక లాయర్‌ని పెట్టుకుని కోర్టుకి తిరిగి నేను కాదు అని చెప్పుకోవాల్సింది ఆ ఇంటామె కదా, ఆ తిరుగుడు ఎంత కష్టమో పడినోళ్లకి తెలుసు.

ఇవన్నీ చెప్పి భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఒక్కడే చేసే వ్యాపారానికి రెండో పేరు ఎందుకు వెతుక్కోవాలి అనేది నా ప్రశ్న. వన్ పర్సన్ కంపెనీ అని 2013 చట్టంలోనే ఉంది, ఒక్కరే సభ్యుడు, ఒక్కరే డైరెక్టర్ చాలు. నామినీగా ఇంకొకరి పేరు ఇవ్వాలి, ఆ నామినీ డైరెక్టర్ కాదు, యజమాని పోయినప్పుడో చేతకాకుండా అయినప్పుడో మాత్రమే కంపెనీ వాళ్ల చేతికి వస్తుంది. వార్షిక సమావేశం కూడా అక్కర్లేదు, ఆడిట్, రిటర్నులు మాత్రం ఉంటాయి. ముందు టర్నోవర్ రెండు కోట్లు దాటితే దీన్ని మార్చుకోవాల్సిందే అని ఉండేది, 2021 ఏప్రిల్ నుంచి ఆ బలవంతం తీసేసినారు. ఇద్దరు నిజంగా కలిసి చేస్తా ఉంటే, బయట పెట్టుబడి అక్కర్లేకపోతే ఎల్ఎల్‌పీ, అంటే పరిమిత బాధ్యత ఉండే భాగస్వామ్య సంస్థ, చూసుకోండి, టర్నోవర్ 40 లక్షలు, పెట్టుబడి 25 లక్షలు దాటనంత వరకు దానికి ఆడిట్ కూడా తప్పనిసరి కాదు, అయితే ఏటా రెండు ఫారాలు దానికీ ఉన్నాయి, లేట్ ఫీజు కూడా ఉంది. ఇడ్లీ అంగడికో ట్రావెల్స్ బండికో అయితే సొంత పేరు మీదే చిన్న వ్యాపారాలకి ఉండే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేసుకుని నడుపుకుంటే చాలు, ఎవరో కార్డు మీద ప్రైవేట్ లిమిటెడ్ ఉంటే గౌరవం అన్నారని కంపెనీ పెట్టొద్దు.

అన్నదమ్ములు, స్నేహితులు కలిసి పెట్టేటప్పుడు ఇంకో మాట. సగం సగం అని రాసుకుంటారు, బాగున్నన్నాళ్లు బాగుంటుంది, చెడినాక ఇద్దరికీ చెరిసగం ఓట్లు కాబట్టి ఒక్క తీర్మానం కూడా పాస్ కాదు, కంపెనీల గొడవలు చూసే ట్రిబ్యునల్, అమరావతి ఎన్‌సీఎల్‌టీకి పోవాల్సి వస్తుంది. 51 శాతం ఒకరికి ఉంటే ఆ మనిషి రెండో వాళ్లని డైరెక్టర్ పదవి నుంచి తీసేయగలడు, 25 శాతానికి పైన ఉన్నోళ్లు స్పెషల్ రిజల్యూషన్ (ముప్పావు వంతు ఓట్లు కావాల్సిన తీర్మానం) ఆపగలరు, ఈ అంకెలు తెలుసుకుని వాటాలు పంచుకోండి. మాటలు స్టాంపు పేపర్ మీద రాసుకుంటే సరిపోదు. తమిళనాడులో నాయుళ్ల కుటుంబం ఒకటి, ఇద్దరు అన్నదమ్ముల శాఖలు చెరి 25 షేర్లతో కంపెనీ నడుపుకున్నారు, షేర్లు అమ్మాల్సి వస్తే ముందు సొంత శాఖలోనే అమ్మాలని మాట అనుకున్నారు, తరవాత ఒకరు అవతలి శాఖకి అమ్మేసినారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది, రంగరాజ్ కేసు అని 1992 రిపోర్టుల్లో ఉంది. ఆ షరతు కంపెనీ ఆర్టికల్స్‌లో, అంటే కంపెనీ సొంత నియమాల పత్రంలో, లేదు కాబట్టి కంపెనీకీ వాటాదారులకీ వర్తించదన్నారు. ఆర్టికల్స్ అంటే ఆన్‌లైన్‌లో వచ్చే రెడీమేడ్ ఫార్మాటే చాలనుకోకుండా, ఎవరైనా పోతే వాటా ఎవరికి, అమ్మాలంటే ముందు ఎవరిని అడగాలి, రేటు ఎట్ల కట్టాలి అనేవి అందులోనే రాయించుకోండి.

డబ్బు విషయం కూడా రెండు ముక్కల్లో చెప్తాను. కంపెనీ ఖాతాలో డబ్బు మనది కాదు, కంపెనీది. కూతురి పెళ్లికి అందులో నుంచి తీసి వాడుకుంటే పది శాతం, ఆ పైన వాటా ఉన్నోళ్లకి అది డివిడెండ్ లెక్కన పన్నుకి రావచ్చు. జీతం తీసుకోండి, బోర్డు తీర్మానం రాసి తీసుకోండి. అట్లే కంపెనీలోకి చేబదులు తెచ్చేటప్పుడు, డైరెక్టర్ సొంత డబ్బు, వాళ్ల దగ్గరి బంధువుల డబ్బు అయితే అది అప్పు చేసి తెచ్చింది కాదని డిక్లరేషన్ తీసుకుని పెట్టుకోవచ్చు. వీధిలో వాళ్ల దగ్గర, చీటీ పాడుకున్నోళ్ల దగ్గర వడ్డీకి తెచ్చి కంపెనీలో వేసుకుంటే అది డిపాజిట్ కిందికి పోతుంది, ప్రైవేట్ కంపెనీ బయట జనం దగ్గర డిపాజిట్లు తీసుకోకూడదు, శిక్ష చాలా పెద్దది. ఇక 20 వేలు, ఆ పైన అప్పు నగదుగా తీసుకున్నా ఆదాయపు పన్ను వాళ్లు ఆ మొత్తం అంతా జరిమానా వేయొచ్చు.

ఎడిటర్ గారూ, నేను అడిగేది పెద్దదేం కాదు. డైరెక్టర్ అయ్యే ముందు డీఐఆర్-2 అని ఒప్పుకోలు పత్రం ఇవ్వాలి, దాన్ని తెలుగులో కూడా ఇవ్వాలని, డైరెక్టర్ ఫోనుకి ఓటీపీ ఒక్కటే కాకుండా ఏటా ఫైలింగ్ పడిందా లేదా అని తెలుగులో మెసేజ్ పంపాలని కేంద్రానికి మీ పేపర్ ద్వారా విన్నవించుకుంటా ఉన్నాను. తిరుపతిలో, చిత్తూరులో జిల్లా పరిశ్రమల కేంద్రాలు ఉన్నాయి, లోన్ స్కీముల గురించి చెప్పే మీటింగుల్లోనే ఒక అరగంట ఈ విషయాలు కూడా చెప్పొచ్చు, పొదుపు సంఘాల మీటింగుల్లో చెప్తే ఇంకా మేలు, ఎందుకంటే సంతకాలు పెట్టేది వాళ్లు. మీరు కూడా వారానికి ఒక చిన్న కాలమ్ పెట్టి ఆడిటర్ల చేత, కంపెనీ సెక్రటరీల చేత రాయించండి.

ఇప్పటికే ఎవరి పేరైనా ఎక్కి ఉందేమో అనే అనుమానం ఉన్నోళ్లు కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొట్టి మాస్టర్ డేటా చూడండి, ఉచితమే, డైరెక్టర్లు ఎవరు, ఆఖరుగా ఏ సంవత్సరం బ్యాలెన్స్ షీట్ వేసినారు అనేది కనిపిస్తుంది. నాకు వద్దు అనుకునేవాళ్లు రాజీనామా ఉత్తరం కంపెనీకి రాసి, చేరినట్టు రసీదో ఈమెయిలో దాచిపెట్టుకోండి, కంపెనీ 30 రోజుల్లో ఆ రాజీనామా తెలిపే డీఐఆర్-12 ఫారం వేయాలి, వాళ్లు వేయకుండా ఊరకుంటే డైరెక్టరే సొంతంగా డీఐఆర్-11 వేసుకోవచ్చు. ఇద్దరే డైరెక్టర్లు ఉన్న కంపెనీ అయితే మీ బదులు ఇంకొకరిని పెట్టుకోమని ముందే చెప్పి పెట్టండి, ఆ ఇంకొకరికి కూడా ఇదంతా చదివి వినిపించండి.

ఇట్లు,
లెక్కలు రాసుకునే ఒక పాఠకుడు,
తిరుపతి